పెరట్లో కొత్త మట్టి

మా ఇంట్లో తండ్రీ పెద్దకొడుకూ మాట్లాడుకోరు. పోట్లాడుకోవాలన్నా మధ్యలో నేను కావాలి. "అమ్మాయ్, ఆ లైటు ఆర్పమని మీ ఆయనకి చెప్పు" అంటారు మామగారు. మా ఆయన ఆ లైటు కిందే కూర్చుని ఉంటాడు. "చదువుకోవడం అయ్యాక ఆర్పుతానని చెప్పు" అంటాడు ఈయన. నేను చెప్పాలి. చెప్పకపోతే ఏదో నేరం చేసినట్టు ఇద్దరూ నా వంకే చూస్తారు. మామగారి వర్క్‌షాపు మూసేసినప్పుడు మొదలైంది ఈ తంతు. మా మరిది తెలివైనవాడు. తండ్రితో "ఊ", "ఆ" దాటడు, అంతకుమించి ఏం కావాలన్నా అన్నని ముందుకు తోస్తాడు. అన్న నన్ను తోస్తాడు.

మామగారిది పూత పని. కుళాయిలు, తలుపు గడియలు, సైకిలు హ్యాండిళ్లు ఏవి తెచ్చిచ్చినా నికెల్ పూత వేసి మొహం కనపడేలా మెరిపించి పంపేవారు. ముందు ఇల్లు, వెనక షెడ్డు, ఆ వెనక పెరడు. పిసినారి అని ఊరుకుంటే ఆయనకి మర్యాద చేసినట్టే. పూత తొట్టిలోంచి తీసిన సరుకుని ఆ తొట్టి మీదే పట్టుకుని నిలబడాలి, చివరి చుక్క కారేదాకా. చెయ్యి పడిపోతున్నా సరే. ఆ తర్వాత వరసగా మూడు కడుగుడు తొట్లు. మొదటి తొట్టి నీళ్లు మళ్లీ పూత తొట్టిలోకే పోయాలి, అందులో నికెల్ ఉంటుంది కాబట్టి. చివరికి అడుగున పేరుకున్న మడ్డిని కూడా ఎండబెట్టి, మూటగట్టి, అందులోంచి నికెల్ తీసేవాళ్లకి అమ్మేవారు. ఒక్క చుక్క నేల మీద పడిందో, ఆ రోజంతా తిట్లే. "నికెల్‌రా అది, నీ చెమట కాదు పారబోసుకోడానికి" అనేవారు.

షెడ్డు మూతబడ్డాక ఆ తిట్లన్నీ నా వంటింటి మీద పడ్డాయి. కుళాయి కొంచెం ధారగా తిప్పితే చాలు, ముందు గదిలోంచి కేక. కూరలు కడిగిన నీళ్లు గిన్నెలకి, గిన్నెలు కడిగిన నీళ్లు గచ్చుకి. బిగించిన కుళాయిని మళ్లీ వచ్చి బిగించి పోయేవారు. కుళాయి చప్పుడు విని ఎవరూ అరవని వంటిల్లు ఒకటి దొరికితే చాలు, ఇంకేమీ అడగను అనుకునేదాన్ని.

అందుకే ఆ ఎండాకాలం ఇల్లూ షెడ్డూ పెరడూ కలిపి అపార్ట్‌మెంట్లకి కొంటామని బిల్డరు మనిషి వచ్చినప్పుడు, అందరికంటే ముందు లోపల్లోపల సంబరపడింది నేనే. కింద పార్కింగు కోసం లోతుగా తవ్వుతారట. పాత ఫ్యాక్టరీ నేల కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించాలట. మా ఆయనకీ మరిదికీ మొహాలు మాడిపోయాయి. మామగారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు. పరీక్ష చేయించమను. ఆ ఫలితం వచ్చాకే సంతకం పెడతాను. ముందు అది వీధంతా వినాలి."

వీధి ఎందుకు వినాలో మాకందరికీ తెలుసు. పెరటి గోడకి అవతల ఇంటావిడ, మేం గోడావిడ అంటాం, ఆవిడ నిమ్మచెట్టు ఎండిపోయింది. మామగారు పెరట్లో విషం పారబోయడం వల్లే అని ఆవిడ ఊరంతా చాటింది. అది మొదలు మాది విషం షెడ్డు అయిపోయింది. మా ఇంటి ముందు కుళాయి దగ్గర ఆగి చేతులు కడుక్కునేవాళ్లు కూడా మానేశారు. మామగారు పైకి ఏమీ అనేవారు కాదు గానీ, ఆవిడ గొంతు వినపడితే చాలు తినే కంచం పక్కకి జరిపేసేవారు.

మట్టి పరీక్షకి వచ్చింది నా ఈడు మనిషి. నెత్తిన టోపీ, కాళ్లకి బూట్లు, మెడలో కెమెరా. నవ్వు మాత్రం ఇంట్లోనే వదిలేసి వచ్చినట్టుంది. కూర్చోమంటే "కూర్చునే పని కాదు" అంది. మంచినీళ్లిస్తే గ్లాసు పక్కన పెట్టి, బ్యాగులోంచి తన సీసా తీసి తాగింది. అలవాటో అనుమానమో తెలీదు గానీ నాకు ఒళ్లు మండింది. మేం ఆవిడకి మట్టి డాక్టరని పేరు పెట్టాం.

షెడ్డంతా తిరిగింది. తొట్లుండే చోట వంగి గచ్చు పగుళ్లు తడిమి చూసింది. పెరట్లోకి దిగే మెట్ల మీద నిలబడి ఫొటోలు తీసింది. మామగారు చేతికర్రతో ఆవిడ వెంటే తిరిగారు.

"ఇక్కడ ఏం పారబోసేవారు?" అంది.

"ఏం పారబోస్తాం?"

"అదే అడుగుతున్నా. వాడేసిన నీళ్లు, మడ్డి, యాసిడ్. ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా."

"పారబోసేవారా అని అడగవు, ఏం పారబోసేవారు అని అడుగుతావు. దొంగతనం నేను చేసినట్టే, ఎంత దొరికిందో చెప్పడమే తరువాయి అన్నట్టు."

"పెద్దాయనా, నేను అందర్నీ ఇలాగే అడుగుతాను. అందరూ మీలాగే కోప్పడతారు. అందుకే వాళ్ల మాట వినను, తవ్వి చూస్తాను."

"తవ్వు" అన్నారు మామగారు. "నీ ఓపిక ఉన్నంత లోతుకి తవ్వు."

సామాన్లతో మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయింది. గేటు వేసొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ షెడ్డులో గుసగుసలాడుతున్నారు.

"ఇంక అయినట్టే" అన్నాడు మా ఆయన. "తవ్వితే మొత్తం బయటపడుతుంది."

"ఏం బయటపడుతుంది?" అన్నాను.

"నాన్న సంగతి నీకు తెలీదా? డబ్బిచ్చి చెత్త ఎత్తించే మనిషేనా ఆయన? మేమెవరం లేనప్పుడు పెరట్లో పాతేసే ఉంటాడు."

"పాతేయడానికి ఆయన ఏదైనా వదిలితే కదా. అంత పిసినారి కాబట్టే పారబోసి ఉండరు. నికెల్ నేలపాలు చేసే మనిషా ఆయన? పోనీ ఆయన్నే అడగొచ్చు కదా."

"వదినా, నువ్వు ఊరుకో" అన్నాడు మరిది. నేను ఊరుకున్నాను. ఈ ఇంట్లో నా మాటకి విలువ, అది ఇంకెవరి మాటో అయినప్పుడే.

ఆ వారమే మామగారి కంటికి ఆపరేషన్. చాలా రోజుల కిందటే అనుకున్నది. తోడుగా ఆస్పత్రిలో ఉండాల్సింది ఇంకెవరు, నేనే. కంటికి కట్టుతో మంచం మీద పడుకుని కూడా నోరు ఊరుకునేది కాదు. నర్సు చేతులు కడుక్కుంటే "కుళాయి కట్టమ్మా" అనేవారు. ఆ అమ్మాయి నా వంక చూసేది. నేను తల దించుకునేదాన్ని.

ఇంటికి వెళ్లే ముందు రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్లై వచ్చింది మొదలు ఎన్నడూ పట్టుకోలేదు.

"అమ్మాయ్, ఆ కాగితం రాగానే గోడ దగ్గర నిలబడి చదవాలి నువ్వు. గట్టిగా. నీకు గొంతు బాగానే ఉంది కదా, నా మీద అరిచేటప్పుడు చూస్తుంటాను."

"చదువుతాను లెండి."

"ఆవిడకి అర్థం కాకపోతే మళ్లీ చదువు. నేను కుర్చీ వేసుకుని వింటాను."

సరేనన్నాను. నచ్చని మనిషైనా, ఆ మాట అడిగినప్పుడు ఆయన మీద జాలేసింది.

ఇంటికి రాగానే పెరటి వైపు నడిచారు. దొడ్డికి పోవాలంటే అటే దారి. చేతికర్ర ముందుకు వేసి మెట్టు దిగబోయి తడబడ్డారు. నేను రెక్క పట్టుకున్నాను.

"ఇంకో మెట్టు ఏదీ?" అన్నారు.

నిజమే. దిగడానికి ఉండే మెట్లలో ఒకటి లేదు. పెరడంతా ఎత్తు పెరిగింది. ఎగుడుదిగుళ్లు, పిచ్చిమొక్కలు ఏవీ లేవు. నల్లటి మట్టి పరిచి, నీళ్లు చల్లి, రోలరు తిప్పి చదును చేసేశారు. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడి ఎటో చూస్తున్నాడు.

"చూడ్డానికి బాగుంటుందని చదును చేయించాం నాన్నా" అన్నాడు మరిది. అప్పటిదాకా ఆ ఏడాదికి అదే వాడు తండ్రితో మాట్లాడిన పొడుగాటి మాట.

మామగారు కర్ర చివరతో మట్టిని పొడిచి చూశారు. కంటికి కట్టుంది, రెండో కన్ను అంతంతమాత్రం, ఆయనకి అంతకంటే తెలిసే వీల్లేదు. "డబ్బులు తగలేశారు" అని రెండు తిట్లు తిట్టి లోపలికి వచ్చేశారు.

నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. వంటింట్లోకి లాక్కెళ్లి మా ఆయన్ని నిలదీశాను. పొలం మట్టి పరీక్షలో పైపైన గుప్పెడు తీసుకుపోతారట, ఇదీ అంతేనట. పైన కొత్త మట్టి పరిచేస్తే ఆ గుప్పెట్లోకి కొత్తదే వెళ్తుందట. అన్నదమ్ములిద్దరూ కలిసి వేసిన ఎత్తు ఇది.

"తవ్వి చూస్తానని ఆవిడ మన మొహం మీదే చెప్పి వెళ్లింది కదండీ" అన్నాను.

"అంటారు గానీ, ఎండలో ఎంతని తవ్వుతారు?" అన్నాడు.

ఆవిడ తవ్వింది. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, పెరటి మెట్ల దగ్గర ఆగి, ముందు కెమెరాలో ఫొటో చూసింది, తర్వాత నేల చూసింది, తర్వాత మా మరిదిని చూసింది.

"ఇక్కడ ఇంకో మెట్టుండాలి."

"చదును చేయించాం మేడమ్. మీకు నడవడానికి వీలుగా ఉంటుందని."

"నా కోసమా? మట్టి ఎక్కడిది?"

"బయటిదే. మంచి మట్టి."

"మంచిదో కాదో చెప్పడానికే నాకు జీతమిచ్చేది" అని చేతి తొడుగులు వేసుకుంది.

మామగారు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కట్టు తీసేసి నల్లకళ్లద్దాలు ఇచ్చారు అప్పటికి. పొడుగాటి ఇనప మరని నేలలోకి తిప్పుతుంటే, పైకి వచ్చిన మట్టిని వచ్చిన వరసలోనే టార్పాలిన్ మీద పేరుస్తున్నారు. ఒక గుంత కాగానే మరని మూడు బకెట్లలో కడుగుతున్నారు. ఒక దాంట్లో సబ్బునీళ్లు, ఇంకో దాంట్లో మామూలు నీళ్లు, చివరి దాంట్లో శుద్ధి చేసిన నీళ్లు. ఒక గుంత మట్టి ఇంకో గుంతకి అంటకూడదట.

మామగారు కుర్చీలో ముందుకు జరిగారు. "అమ్మాయ్, చూశావా, మూడు తొట్లు" అన్నారు నాతో. తర్వాత ఆవిడతో, "మరని పైకెత్తి పట్టుకోమనమ్మా. చివరి చుక్క కారాకే పక్క బకెట్లో ముంచాలి. లేకపోతే ఆ నీళ్లు కూడా పాడవుతాయి."

"మా పని మాకు తెలుసు పెద్దాయనా" అంది ఆవిడ. అయినా మర పైకెత్తి పట్టుకున్నారు. మామగారు వెనక్కి ఆనుకున్నారు. ఆయన మొహంలో అంత హాయి నేనెప్పుడూ చూడలేదు. ఇంకొన్నాళ్లలో గోడ దగ్గర కుర్చీ వేసుకుని వినబోయేది అప్పుడే వింటున్నట్టున్నారు.

ఆవిడ టార్పాలిన్ ముందు గొంతుక్కూర్చుంది. పైన వచ్చిన మట్టి నల్లగా, బూడిద కలిసినట్టుంది. దాని కింద గీత గీసినట్టు రంగు మారి, ఎర్రమట్టి మొదలైంది.

"ఇక్కడిదాకా కొత్తది. ఇక్కణ్ణుంచి మీది" అంది. నల్లమట్టిలోంచి ఏదో తీసి తుడిచింది. అరచేతిలో నల్లటి ప్లాస్టిక్ పెంకు. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. "ఇక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టేవారా?"

"బ్యాటరీలా?" అన్నారు మామగారు. "మాది పూత పని. ఈ గడపలోకి బ్యాటరీ రాలేదు."

"ఇవి బ్యాటరీ డబ్బా ముక్కలు. ఇవున్న మట్టిలో సీసం ఉంటుంది. చాలా ఉంటుంది."

మామగారు కొడుకుల వైపు చూడకుండా, "అమ్మాయ్, ఈ మట్టి ఎక్కణ్ణుంచి తెచ్చారో మీ ఆయన్ని అడుగు" అన్నారు.

అడిగాను. మా ఆయన నీళ్లు నమిలాడు. చివరికి మరిది గొణిగాడు. "ఏదో పాత గోడౌను తవ్వుతున్నారట నాన్నా. లారీవాడు ఉత్తినే పోస్తానన్నాడు."

ఉత్తినే. ఆ మాట వినగానే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇన్నేళ్లూ తండ్రి పిసినారితనాన్ని తిట్టిపోసిన కొడుకులు, అంతా వదిలేసి దాన్నే పుణికిపుచ్చుకున్నారు.

"ఎందుకు పోయించారో అడుగు" అన్నారు మామగారు.

నేను అడగలేదు. అడగక్కర్లేకుండానే ఆయనకి తెలిసిపోయింది. నల్లకళ్లద్దాలు తీసి, ఆ ఎర్రమట్టి వైపు కాసేపు చూశారు. తర్వాత లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. కర్ర కుర్చీ దగ్గరే మర్చిపోయారు.

ఫలితం చెప్పడానికి బిల్డరు మనిషితో పాటు ఆవిడే వచ్చింది. పై మట్టి నిండా సీసం. దాన్నంతా గీకి, అందుకు అనుమతి ఉన్నవాళ్ల చేత ఎత్తించాలి. ఆ ఖర్చు మాకిచ్చే డబ్బులోంచే పోతుంది. బిల్డరు మనిషి ఈ సంగతి పళ్లు నూరుతూ చెప్పాడు. ఆవిడ మామగారి కుర్చీ ముందు ఆగింది.

"కింద మీ మట్టి శుభ్రంగా ఉంది. నికెల్ కూడా మామూలు నేలలో ఉన్నంతే. ఇంత పాత పూత షెడ్డు కింద ఇలాంటి నేల నేను చూడలేదు."

"రాశావా అది?" అన్నారు మామగారు.

"రెండూ రాశాను."

ఆయన తల ఊపారు. నేను గోడ వైపు చూశాను. ఆయన చూడలేదు.

మట్టి ఎత్తడానికి వచ్చినవాళ్లు మూతులకి మాస్కులు, ఒంటికి తెల్లటి తొడుగులు వేసుకుని వచ్చారు. పెరటి చుట్టూ పసుపు రిబ్బను కట్టారు. లారీల మీద టార్పాలిన్లు బిగించారు. ఇక చూడండి, వీధి వీధంతా బయటికొచ్చింది. తడిగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని మరీ నిలబడ్డారు. మామగారి పెరట్లోంచి విషం లారీలకెత్తడం అందరూ కళ్లారా చూశారు. గోడావిడ కుర్చీ మీదెక్కి గోడ మీంచి తల బయటపెట్టింది.

"నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్తే విన్నారా ఎవరైనా?" అంటోంది అందరికీ వినపడేలా. "నా నిమ్మచెట్టు ఊరికే పోయిందా?"

నాకు కడుపు మండిపోయింది. గోడ దగ్గరికి వెళ్లాను. "పిన్నిగారూ, అది మా మామగారు పోసింది కాదు. మొన్న బయటినుంచి తోలించిన మట్టి. ఆయన నేల శుభ్రంగా ఉందని రాసిచ్చారు. కావాలంటే తెచ్చి చదువుతాను."

"ఎవరు తోలించారు?"

చెప్పాను.

"మీ మామ పోస్తేనేం, మీ ఆయన పోస్తేనేం. మీ పెరట్లోదే కదా" అంది. "అయినా ఆయన శుభ్రమైన మనిషైతే కన్నకొడుకులు కప్పేయడానికి చూస్తారా?"

ఇన్నేళ్లలో ఆ గోడ దగ్గర నేను ఓడిపోయి వెనక్కి రావడం అదే మొదలు. తిరిగి చూస్తే షెడ్డు గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఆవిడ గొంతు ఎంత దూరం వినపడుతుందో నాకు తెలుసు.

మా ఆయన దగ్గరికి వెళ్లి కడిగేశాను. "వెళ్లి మీరు చెప్పండి, మట్టి మేం పోయించాం, మా నాన్నది కాదు అని. మీ నోటితో చెప్తే వింటారు."

"నలుగురిలో చెబితే కేసు పెడతారు" అన్నాడు.

"అయితే ఆయనకైనా చెప్పండి. ఈ ఒక్క మాటా నేను మొయ్యను. మీరే చెప్పుకోండి."

సాయంత్రం లారీలన్నీ వెళ్లిపోయాక నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. ముందు గదిలో మామగారు ఎప్పట్లా కుర్చీలో ఉన్నారు. మా ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నాన్నా" అన్నాడు.

మా ఆయన నోట ఆ పిలుపు విని ఎంతకాలమైందో. చేతిలో గిన్నెతో అలాగే గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాను.

"నువ్వే ఏదో పారబోసి ఉంటావనుకున్నాం. అందుకే కప్పేద్దామనుకున్నాం."

మామగారు కొడుకు మొహంలోకి చూశారు. "నా పక్కన నిలబడి పని నేర్చుకున్నావు కదరా."

"నేర్చుకున్నాను."

"ఒక్క చుక్క కింద పడనిచ్చానా?"

"లేదు."

"మరి?"

మా ఆయన నిలబడి గోళ్లు చూసుకున్నాడు. మామగారు ఎదురుచూశారు, నిజంగానే ఎదురుచూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, కాగితాలు తెచ్చుకోమని మీ ఆయనకి చెప్పు. సంతకం పెట్టేస్తాను."

"మామయ్యగారూ, రేపు పొద్దున్నే గోడ దగ్గర చదువుతాను. మొత్తం చదువుతాను. మీరు కుర్చీ వేసుకుని వినండి."

"వద్దులే. ఇంట్లోవాళ్లే నమ్మలేదు, వీధికి చదివి ఏం లాభం?"

గొంతులో కోపం లేదు. కోపం లేని ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి. మా ఆయన మొహం పాలిపోయింది. ఎదురుగా తండ్రి ఉన్నా, నా వైపు తిరిగాడు.

"తిట్టమని చెప్పు" అన్నాడు.

"తిట్టమంటున్నారు మామయ్యగారూ" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగారు. అప్పుడు నీళ్ల చప్పుడు వినపడి, కుళాయి కట్టకుండానే వచ్చేశానని గుర్తొచ్చింది. వంటింట్లో కుళాయి ధారగా పోతోంది. తొట్టి నిండి గచ్చు మీదికి పొర్లుతోంది. ముందు గదిలోకి వినపడుతూనే ఉంది, ఆయనకి ఇంకా బాగా వినపడుతుంది. ఇద్దరం ఆయన వంకే చూస్తూ నిలబడ్డాం. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

చాలాసేపు చూసి, నేనే వెళ్లి కట్టేశాను.